ఒకే పద్దు, రెండు బల్లలు

ఆదివారం, రాత్రి 9 గంటలు

ఈ సాయంత్రం మా గ్రంథాలయంలోని రెండు కంప్యూటర్లూ మొదటిసారిగా ఒకే పుస్తకాల పద్దును చూడగలిగాయి. తెనాలిలో మేము కొందరం కలిసి నడుపుకుంటున్న ఈ చిన్న గ్రంథాలయంలో ఆదివారాలు లెక్కలు చూసే పని నాది. గుమ్మం పక్క బల్ల మీది కంప్యూటర్లో విండోస్, పట్టికల్లో వివరాలు దాచుకునే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఉన్నాయి. లోపలి గదిలో నేను వాడేదానిలో ఉబుంటు లినక్స్, లిబ్రే ఆఫీస్ ఉన్నాయి. వీటిలో దేన్నీ తీసేయడం నాకు ఇష్టం లేదు. బయటి కంప్యూటర్లోని ఫారాలను, ఆ బల్ల దగ్గర పుస్తకాలిచ్చే మాస్టారు పదవీ విరమణ తర్వాత ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుని తయారు చేసుకున్నారు. ఏ గడి తర్వాత ఏ గడిలోకి వెళ్లాలో ఆయన వేళ్లకే తెలుసు. లోపలిది ఎవరో విరాళంగా ఇచ్చిన పాత యంత్రం, లినక్స్ మీద చక్కగా నడుస్తోంది. దానికి కొత్త లైసెన్సు కొనడానికి సభ్యుల చందా డబ్బు తీయడం సరి కాదని నా అభిప్రాయం.

ఇన్నాళ్లూ చేసిందేమిటంటే, మాస్టారి ఫైలును వారానికి ఒకసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, లినక్స్‌లో యాక్సెస్ ఫైళ్లను చదివే ఎండీబీ టూల్స్‌తో ఒక్కొక్క టేబుల్‌నూ సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు పాఠ్యంగా) మార్చి చూసుకోవడం. అది ఒకవైపు దారి మాత్రమే: నేను చదవగలను, తిరిగి రాయలేను. గురువారం సభ్యులకు ఇచ్చిన పుస్తకం ఆదివారం దాకా నా జాబితాలో బీరువాలోనే ఉన్నట్టు కనిపించేది. తర్వాత రెండు చోట్లా లిబ్రే ఆఫీస్‌లో డేటాబేస్ పని చూసే బేస్ పెట్టి, దాని ఓడీబీ ఫైలు ఒక్కదాన్నే నెట్‌వర్క్ ఫోల్డర్లో ఉంచి చూశాం. ఓడీబీ అనేది నిజానికి ఒక జిప్ మూట; డేటాబేస్‌ను అందులోనే ఇమిడ్చి ఉంచితే, ఒకరు తెరిచినప్పుడు తాళం ఫైలు పడుతుంది, రెండోవారికి చదవడానికి మాత్రమే అనుమతి దొరుకుతుంది. పైగా మార్పులన్నీ ఆ మూటను మళ్లీ కట్టినప్పుడే భద్రమవుతాయి. రెండు వారాల కిందట సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయి, ఒక పూట నమోదులన్నీ పోయాయి. ఆ రోజు పుస్తకాలు తీసుకెళ్లినవారికి ఫోన్లు చేసి వివరాలు మళ్లీ అడగవలసి వచ్చినప్పుడు నిజంగా బాధ కలిగింది.

అప్పుడే నిర్ణయించుకున్నాను, పద్దు ఏ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కడుపులోనూ ఉండకూడదని. యాక్సెస్ అయినా, బేస్ అయినా మనం రాసుకునే బల్లలుగా ఉంటే చాలు. పద్దు విడిగా, ఇద్దరికీ సమానంగా అందే సర్వర్‌లో ఉండాలి. అందుకు మరియాడీబీ అనే డేటాబేస్ సర్వర్‌ను ఎంచుకున్నాను.

పొద్దున పదింటికి లోపలి కంప్యూటర్లో దాన్ని పెట్టడం పూర్తయింది. ఉబుంటులో అది మొదట సొంత యంత్రం నుంచి వచ్చే పిలుపులకు తప్ప పలకదు కాబట్టి, అది ఏ చిరునామాలో పలకాలో చెప్పే బైండ్ అడ్రస్ మార్చి, ఫైర్‌వాల్‌లో అది వాడే 3306 పోర్టును మా రౌటర్ పరిధికి మాత్రమే తెరిచాను. బయటి బల్లకు వేరే యూజర్‌ను ఇచ్చి, ఒక్క ఈ డేటాబేస్ మీదే హక్కులు కేటాయించాను. బయటి కంప్యూటర్లో, యాక్సెస్‌ను సర్వర్‌తో కలిపే ఓడీబీసీ డ్రైవర్ దగ్గర అరగంట పోయింది. విండోస్ 64 బిట్లది కదా అని 64 బిట్ల డ్రైవర్ వేశాను, కానీ అందులోని ఆఫీస్ 32 బిట్లది. చూడవలసింది విండోస్‌ను కాదు, ఆఫీస్‌ను; డ్రైవర్ దానికి జోడీ కుదిరితేనే పని చేస్తుంది.

టేబుళ్లు లింక్ అయ్యాయి. సభ్యుల పట్టిక తెరిచాను. ఊరి పేరు ఉండవలసిన గడిలో వరసగా ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. కిందికి వెళ్తే ప్రతి తెలుగు పేరూ అలాగే ఉంది. డెస్కు దగ్గర సాయం చేసే డిగ్రీ అమ్మాయి, "అన్నయ్యా, పేర్లన్నీ పోయాయా?" అని అడిగింది. "ఏమీ ముట్టుకోకమ్మా, ఆ వరసలో ఒక్క అక్షరం కూడా టైపు చేయకు" అని చెప్పి లోపలికి పరుగెత్తాను, ఎందుకంటే ఆ స్థితిలో ఆ గడులను దిద్ది భద్రపరిస్తే ప్రశ్నార్థకాలే అసలు డేటాగా సర్వర్లోకి చేరిపోతాయి.

సర్వర్లో "తెనాలి" అన్న మాట పొడవును అడిగి చూశాను: అక్షరాల లెక్కలో 6, బైట్ల లెక్కలో 18. మన కంటికి మూడు అక్షరాలే అయినా, యూనికోడ్‌లో త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి అని ఆరు సంకేతాలు. వాటిని బైట్లుగా భద్రపరిచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు. లెక్క సరిపోయింది కాబట్టి పేర్లు భద్రంగానే ఉన్నాయి, దారిలోనే మాసిపోతున్నాయి. డ్రైవర్‌తో పాటు తెలుగు లిపి పట్టని ఆన్సీ, అన్ని లిపులూ పట్టే యూనికోడ్ అని రెండు రకాలు వస్తాయి. తొందరలో నేను మొదటిది ఎంచుకున్నాను. యూనికోడ్ డ్రైవర్‌తో మళ్లీ లింక్ చేయగానే పేర్లన్నీ ఒత్తులతో, గుణింతాలతో తిరిగి కనిపించాయి. సభ్యుల పేర్లను వాళ్లు రాసుకునే లిపిలోనే ఉంచాలన్నది మాస్టారి పట్టుదల, నాదీ అదే.

మధ్యాహ్నం ఇంకో చిక్కు వచ్చింది. కొత్త పుస్తకం చేర్చి భద్రపరచగానే ఆ వరస మొత్తం తొలగించినట్టు కనిపించేది, సర్వర్లో మాత్రం నిక్షేపంగా ఉండేది. ప్రతి వరసనూ గుర్తించే కీలక గడిని నేను బిగ్ ఇంట్‌గా (64 బిట్ల పెద్ద పూర్ణసంఖ్యగా) పెట్టాను. మా పాత యాక్సెస్‌కు అంత పెద్ద సంఖ్యారకం తెలియదు కాబట్టి, తాను రాసిన వరసను తానే గుర్తుపట్టలేకపోయింది. మామూలు ఇంట్‌కు మార్చి, ప్రతి టేబుల్‌కూ చివరి మార్పు సమయాన్ని నమోదు చేసే టైమ్‌స్టాంప్ గడి ఒకటి చేర్చి లింకులు తాజా చేశాక సర్దుకుంది.

మాస్టారు మూడు గంటలకు వచ్చారు. "నా ఫారం మార్చావా బాబూ?" అన్నారు వస్తూనే. "లేదండీ, అలాగే ఉంది, చూడండి" అన్నాను. పాత టేబుళ్ల పేర్లు మార్చి పక్కన పెట్టి, లింక్ చేసిన టేబుళ్లకు సరిగ్గా ఆ పాత పేర్లే పెట్టాను. ఫారం పేరును బట్టి వెతుక్కుంటుంది కాబట్టి దానికి తేడా తెలియలేదు. ఆయన కళ్లజోడు సర్దుకుని, ట్యాబ్ కొట్టుకుంటూ ఒక పుస్తకం ఇష్యూ చేశారు. నేను లోపల బేస్‌లో పట్టికను తాజా చేశాను. యాక్సెషన్ నంబరు (గ్రంథాలయంలో ఆ పుస్తకానికిచ్చిన సంఖ్య), సభ్యుడి పేరు, నేటి తేదీ, అన్నీ అక్కడ ఉన్నాయి. నా ఓడీబీలో ఇప్పుడు ఫారాలు, క్వెరీలు మాత్రమే ఉన్నాయి. గడువు దాటినవారికి ఉత్తరాలు కూడా లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ఇదే పద్దు నుంచి తీసుకోవచ్చు.

రోజూ రాత్రి ఎనిమిదింటికి డంప్ (పద్దు మొత్తానికి నకలు) తీసేలా, వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. ఇంటికి వచ్చాక ఈ రోజుటి డంప్‌ను నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, సభ్యుల పట్టిక తెరిచి పేర్లు ఒక్కొక్కటీ చదివాను. అన్నీ సరిగా ఉన్నాయి. నెలాఖరు దాకా చేతిరాత రిజిస్టరు కూడా ఆపవద్దని మాస్టారు అన్నారు, నేను ఒప్పుకున్నాను. బుధవారం సాయంత్రం వెళ్లి రిజిస్టరునూ కొత్త పద్దునూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి.