మినెసోటా చలిలో గ్యారేజీని వెచ్చబరచుకున్న తీరు

మినియాపొలిస్ శివార్లలో మా ఇంటికి ఆనుకుని రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉంది. అందులో ఒక సగం కారుకు, మిగతా సగం నా వడ్రంగపు బల్లకు. దేవుడి మందిరాలు, బొమ్మల కొలువుకు మెట్లు, పీటలు చేయడం నాకు చాలా ఇష్టమైన పని. అయితే నవంబరు చివర మొదలుపెట్టిన ఏ పనైనా మార్చి దాకా ఆగవలసి వచ్చేది. చేతులు కొంకర్లు పోవడం ఒక్కటే కారణం కాదు. చెక్కపనిలో అందరూ వాడే తెల్ల జిగురుకు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ అయినా ఉండాలి. అంతకంటే చల్లటి చెక్క మీద అది సుద్దలా తెల్లబడి, అతుకు బలం లేకుండా పోతుంది. నీటిలో కలిసే రంగులు, వార్నిషుల పరిస్థితీ దాదాపు అంతే. అందువల్ల గ్యారేజీని వెచ్చబరచుకునే మార్గం వెతకడం నాకు అవసరమైంది.

ఏ హీటర్ కొనాలి అని అడిగితే ఎవరికి తోచిన పేరు వారు చెబుతారు. నేను ముందుగా తెలుసుకోవాలనుకున్నది, ఆ గదిలో నుంచి గంటకు ఎంత వేడి బయటికి పోతున్నదన్నది. గోడ, కప్పు, తలుపు ఒక్కొక్కదాని వైశాల్యాన్ని దాని ఆర్-విలువతో, అంటే వేడిని అడ్డుకునే శక్తితో భాగించి, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాతో గుణిస్తే ఆ అంచనా వస్తుంది. సందుల్లోంచి పోయే గాలికీ, నేల అంచుల నుంచి పోయే వేడికీ విడిగా లెక్క కట్టాలి. బయట మైనస్ 23 సెల్సియస్, లోపల 10 ఉండాలనుకుని లెక్క వేశాను. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 33 దాకా పడిపోయింది కానీ, అటువంటి రోజును కొలతగా పెట్టుకుంటే అవసరానికి మించిన యంత్రం కొనవలసి వస్తుంది. మా గ్యారేజీ ఉన్నది ఉన్నట్టుగా గంటకు సుమారు 38,000 బీటీయూలు (బీటీయూ అంటే ఇక్కడ వేడిని కొలిచే ప్రమాణం) పోగొట్టుకుంటున్నదని తేలింది. అందులో మూడో వంతుకు పైగా ఇన్సులేషన్, అంటే వేడి పోకుండా ఆపే పొర, లేని కప్పు నుంచే పోతున్నది. ఒంటి పొర రేకు తలుపుదీ పెద్ద వాటాయే.

ఆ అంకె చూశాక హీటర్ ఆలోచన పక్కన పెట్టి, ఆ వేసవి అంతా ఇన్సులేషన్ పని మీద గడిపాను. అటకలో ఆర్-38 మందాన ఇన్సులేషన్ పరిచాను, గోడల్లో ఆర్-13 ఫైబర్‌గ్లాస్ నింపి పైన డ్రైవాల్ (జిప్సం పలకలు) బిగించాను, పాత తలుపు తీయించి నురుగు నింపిన కొత్త తలుపు పెట్టించాను. తలుపు మీద అచ్చు వేసే ఆర్-విలువ సాధారణంగా పలక మధ్యభాగానిది మాత్రమే. కీళ్ల దగ్గర, అంచుల దగ్గర వేడి ఎక్కువగా జారిపోతుంది కనుక లెక్కలో దాన్ని దాదాపు సగానికి తగ్గించుకోవడం మంచిది. చుట్టూ రబ్బరు పట్టీలు కూడా మార్పించాను. ఇన్సులేషన్ కోసం నురుగు పలకలు వాడదలచినవారు ఒక మాట మరవకూడదు: అవి మంటను త్వరగా అందుకుంటాయి కనుక వాటిని అలా వదిలేయకుండా కనీసం అర అంగుళం డ్రైవాల్‌తో కప్పాలి. ఇదంతా అయ్యాక మళ్లీ లెక్క వేస్తే 38,000 కాస్తా పదిన్నర వేలకు దిగింది. కొన్న హీటర్ కంటే ఈ పనికి ఎక్కువ ఖర్చయింది. అయినా అదే సరైన ఖర్చని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఎంపికకు నిజమైన వీలు దానివల్లే కలిగింది.

తరువాత హీటర్ల సంగతి. ఇంటికంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్ నుంచే ఒక గొట్టం గ్యారేజీలోకి లాగవచ్చు కదా అని మిత్రులు అన్నారు. కారు పొగ, పెట్రోలు ఆవిరి ఆ గొట్టాల గుండా పడకగదుల్లోకి చేరే ప్రమాదం ఉన్నందున ఇక్కడి నిర్మాణ నియమాలు దాన్ని ఒప్పుకోవు. గోడ ప్లగ్గుకు తగిలించే 1,500 వాట్ల హీటర్ గంటకు సుమారు 5,100 బీటీయూలే ఇస్తుంది, అది మాకు చాలదు.

సిలిండర్‌కు తగిలించే పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చవకగా దొరికేది అదే, ఎక్కువమంది కొనేదీ అదే. ఒక కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అది చల్లటి గోడల మీద, ఇనుప పనిముట్ల మీద నీరై దిగుతుంది. రంపాలు, ఉలులు తుప్పు పడతాయి. అంతకంటే భయంకరమైనది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో నూనె వాసన నిలవకూడదని గ్యారేజీలో స్టవ్ పెట్టి గారెలు, అరిసెలు వండుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను: చలికి తలుపు మూసేసి లోపల గ్యాస్ పొయ్యి గానీ, ఇటువంటి హీటర్ గానీ వెలిగించవద్దు. గ్యారేజీకి ఆనుకుని ఉన్న గదిలో, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పక ఉండాలి.

పైకప్పుకు వేలాడదీసే, పొగగొట్టం ఉన్న సహజవాయువు హీటర్ మంచి సాధనం. మా బిల్లుల ప్రకారం అదే వేడికి కరెంటు ఖర్చులో మూడో వంతు కూడా కాదు. అయితే గ్యాస్ పైపు లాగించడం, పొగగొట్టం పెట్టించడం, నగరపాలక సంస్థ అనుమతి తీసుకోవడం అన్నీ కలిపితే మొదటి ఖర్చు చాలా ఎక్కువ. పైగా ఆ రకంలో సులభంగా దొరికేవి 30,000 నుంచి 45,000 బీటీయూలవి, మాకు కావలసిన దానికి మూడు నాలుగు రెట్లు. రోజంతా వాడేవారికి అదే తగినది. చలి ప్రాంతాల కోసం చేసిన మినీ స్ప్లిట్ హీట్ పంపు, అంటే బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే ఏసీ వంటి యంత్రం, నన్ను చాలా ఆకర్షించింది. కానీ చలి ముదిరేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది, లోపలి ఫిల్టర్లు రంపపు పొట్టుతో పూడుకుపోతాయి.

చివరకు 240 వోల్టుల, 5,000 వాట్ల విద్యుత్ హీటర్‌ను ఎంచుకున్నాను. అది గంటకు సుమారు 17,000 బీటీయూలు ఇస్తుంది. నేను పని చేసేది సాయంత్రాలు, వారాంతాల్లో మాత్రమే కనుక, గ్యాస్ వల్ల మిగిలే డబ్బు దాని మొదటి ఖర్చును తీర్చడానికి చాలా ఏళ్లు పట్టేది. ఈ హీటర్ దాదాపు 21 ఆంపియర్లు లాగుతుంది. గంటల తరబడి నడిచే యంత్రానికి 25 శాతం అదనంగా చూసుకోవాలి కనుక 30 ఆంపియర్ల బ్రేకర్, 10 గేజి రాగి తీగ కావలసి వచ్చాయి. మాకు కారు చార్జర్ కూడా ఉన్నందున ఇంటి కరెంటు ప్యానెల్ రెండు భారాలనూ మోయగలదని ఎలక్ట్రీషియన్ లెక్క వేసి నిర్ధారించాకే పని మొదలైంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కావడంతో నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే నిప్పు రాజేయగల యంత్రాలను గ్యారేజీలో కనీసం 18 అంగుళాల ఎత్తున పెట్టాలంటారు. మాది కప్పు మూలన, కారుకు దూరంగా వేలాడుతున్నది.

రంపం ఆడుతున్నంతసేపు, వార్నిష్ పూస్తున్నంతసేపు హీటర్‌ను పూర్తిగా ఆపివేస్తాను. పొట్టు, ఆవిరి ఎర్రగా కాగిన తీగ దాకా చేరకూడదు. గోడలు వేడిని పట్టి ఉంచుతున్నాయి కనుక ఆపిన గంటలోనూ గది పని చేసుకునేంత వెచ్చగానే ఉంటున్నది. మామూలు వేళల్లో థర్మోస్టాట్‌ను 5 డిగ్రీల మీద ఉంచి, పనికి దిగే ముందు 15కు పెంచుతాను; మరీ చలి రోజుల్లో అందుకు గంటకు పైగా పడుతుంది. కాంక్రీటు నేల మాత్రం ఇంకా చల్లగానే ఉన్నది కనుక బల్ల ముందు మందపాటి రబ్బరు చాపలు పరిచాను. కారు మీది మంచు కరిగి తలుపు అడుగు పట్టీ దగ్గర మళ్లీ గడ్డకట్టి, పట్టీ నేలకు అతుక్కుపోతుండేది. సిలికాన్ పూసి, నీటిని రోజూ బయటికి తోసేస్తే ఆ ఇబ్బంది తగ్గింది. ఇక మిగిలినది నేల అంచు. వచ్చే వేసవిలో పునాది చుట్టూ మట్టి తవ్వి, అక్కడ నురుగు పలకలు దింపాలని అనుకుంటున్నాను.