కర్నూలులో ఇంటి సర్వర్: మూడు వారాలు నన్ను తిప్పిన ఐపీ అడ్రస్

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ ఆదోని నుంచి ఫోన్ చేసింది. "ఏమే, ఆ గుడి ముందర తీసిన ఫోటోలో నా పక్కన నిలబడింది మీ చిన్నత్త కదూ?" అని అడిగింది. అమ్మ ఆ ఫోటోను తన ఫోన్‌లో చూస్తోంది. ఫోటో మాత్రం కర్నూలులో మా ఇంట్లో, టీవీ స్టాండు కింద నేను పెట్టిన చిన్న కంప్యూటర్లో ఉంది. ఆ ఒక్క ఫోన్ కాల్ కోసం నేను పడ్డ తిప్పలు మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఇంట్లో సొంతంగా ఫోటోల సర్వర్, అంటే ఎక్కడి నుంచి అడిగినా ఫోటోలు అందించే కంప్యూటర్, పెట్టుకోవాలనుకునే వాళ్ళకు కొన్ని వారాలైనా మిగులుతాయి.

ఎందుకు పెట్టానో ముందు చెప్పాలి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్ళం. కొండారెడ్డి బురుజు దాకా నడిచి వెళ్ళిపోయేంత దూరం. మనుషులం మేడ మీదికి ఎక్కి బతికాం. ఆల్బమ్‌లు కింద బీరువాలో, అడుగు అరలో ఉండిపోయాయి. నీళ్ళు తీశాక బీరువా తలుపు గడ్డపార పెట్టి తెరవాల్సి వచ్చింది. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పైది లాగితే కిందిదాని మొహం ఊడి పైదానికి వచ్చేస్తోంది. అమ్మ అరిచింది, లాగొద్దే, నీళ్ళలో వెయ్యి అని. టబ్బులో నానబెట్టి, ఒక్కొక్కటే విడదీసి, దండెం మీద బట్టల క్లిప్పులతో ఆరబెట్టాం. నాయన ఫోటోలు మిగిలింది పదకొండు. ఆయన అంతకు నాలుగేళ్ళ ముందే పోయారు.

మిగిలినవన్నీ పోయిన దసరా సెలవుల్లో స్కాన్ చేశాను, మొత్తం 612. వాటికి తోడు మా ఇంటిల్లిపాది ఫోన్లలో ఉన్నవి. గూగుల్ ఫోటోస్‌లో అపరిమితంగా ఉచితంగా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇచ్చే 15 జీబీ మాకు ఎప్పుడో నిండింది. డబ్బు కట్టి పెంచుకోవచ్చు, కాదనను. కానీ ఆ 612 ఫోటోలు నా చేతిలో, నా ఇంట్లో ఉండాలనిపించింది.

మొదటి భాగం సులువు. ఆఫీసులు వాడి తీసేసిన మినీ పీసీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 8 జీబీ ర్యామ్. 2 టీబీ డిస్క్ పెట్టాను. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్, అందులో ఫోటోలు దాచి చూపించే ఇమ్మిచ్. ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే అన్నాలు తినే వేళకు ఇంట్లో వైఫై మీద ఫోటోలు కనిపిస్తున్నాయి. మొహాలు గుర్తుపట్టే పని మాత్రం రెండు రాత్రులు నడిచింది. అమ్మ పెళ్ళినాటి మొహాన్నీ ఇప్పటి మొహాన్నీ అది ఇద్దరు మనుషులనుకుంది. ఆ రెండూ ఒకరేనని నేనే కలిపాను.

ఇక బయటి నుంచి తెరవడం. నన్ను మింగేసింది ఇదే.

అందరూ చెప్పేది ఒకటే: రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టు. పోర్ట్ అంటే అంకె వేసిన తలుపు లాంటిది. వెబ్‌సైట్లు వాడే 443 పోర్టుకు వచ్చిన వాళ్ళను మినీ పీసీకి పంపమని రూటర్‌కు చెప్పాలి. చెప్పాను. ఒక డాట్ ఇన్ డొమైన్, అంటే సైటు పేరు, కొని మా ఐపీకి, అంటే ఇంటర్నెట్‌లో మా ఇంటి అడ్రస్ అంకెకు, కట్టాను. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తెరిస్తే తెల్లటి పేజీ. గుండ్రంగా తిరిగీ తిరిగీ చివరికి 'టైమ్ అవుట్'. ఫైర్‌వాల్ చూశాను. బయటి నుంచి వచ్చేదంతా మినీ పీసీకే పంపే డీఎంజెడ్ సెట్టింగు రూటర్‌లో పెట్టాను. డెబియన్ మొత్తం తుడిచి రెండు సార్లు మళ్ళీ వేశాను. రాత్రి పదకొండింటికి గేటు దగ్గర నిలబడి, వైఫై అందని చోట, అదే పేజీ మళ్ళీ మళ్ళీ నొక్కుతుంటే ఎదురింటి పెద్దాయన వచ్చి ఏమైందమ్మా అని అడిగాడు.

నెట్ ఇచ్చే వాళ్ళకు ఫోన్ చేశాను. రూటర్ ఆపి ఆన్ చేయండి అన్నారు. చేశాను. మళ్ళీ చేస్తే ఒక అబ్బాయిని పంపారు. అతను స్పీడ్ టెస్ట్ పెట్టి, "వంద వస్తాంది కదా మేడం, బాగనే ఉంది" అని సంతకం అడిగాడు. సమస్య స్పీడ్ కాదు, బయటి నుంచి లోపలికి రావడం అని చెప్పాను. "అట్లాంటివి మీ రూటర్ సెట్టింగుల్లోనే ఉంటాయి" అన్నాడు. ఆ మాట నమ్మి ఇంకో పది రోజులు నా సెట్టింగులనే తవ్వాను. రెండు వేల చిల్లర పెట్టి కొత్త రూటర్ కూడా కొన్నాను. ఆ రూటర్ ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.

ఆఖరికి వాళ్ళ ఆఫీసుకే వెళ్ళాను. కాలేజీ నుంచి నేరుగా, చేతిలో పేపర్ల కట్టతో. కౌంటర్ దగ్గర ఐదారుగురు ఉన్నారు. నా వంతు వచ్చాక విషయం చెప్పడం మొదలుపెట్టాను. రెండో వాక్యం పూర్తి కాకుండానే అక్కడి అబ్బాయి ఆపాడు. "సర్వరా? ఇంట్లో సర్వర్ ఎందుకు మేడం మీకు?" నా ఫోటోల కోసం అన్నాను. నవ్వి, పక్కనున్న అతని వైపు చూసి, "ఇంట్లో సార్ ఉంటే పంపించండి మేడం. ఆయనకైతే అర్థమయ్యేటట్టు చెప్తాం" అన్నాడు.

నేను 19 ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. ఆ వరసలో నా వెనక నిలబడినవాడు నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లవాడు. నమస్తే మేడం అని అప్పటికే పలకరించి ఉన్నాడు. వాడు తల దించుకుని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు నోట మాట రాలేదు. పేపర్ల కట్ట కౌంటర్ మీద నుంచి తీసుకుని బయటికొచ్చి, బండి మీద తాళం పెట్టకుండా చాలాసేపు కూర్చున్నాను. మా ఆయన చాలా మంచి మనిషి. కానీ ఆయనకు వైఫై పాస్‌వర్డ్ మార్చడం రాదు, ఆ అవసరం ఎప్పుడూ పడలేదు. ఆ సంగతి ఆ కుర్రాడికి తెలియకపోవడం తప్పు కాదు. అడగకుండానే నిర్ణయించేయడం తప్పు. రేపు ఏ అమ్మాయైనా ఆ కౌంటర్‌కు వెళ్ళి నాలాగే తిరిగి వస్తుందేమోనని నాకు ఇప్పటికీ మంటగా ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లలకు రోజూ చెప్పేదే చేశాను: లెక్క రాకపోతే ముందు ఇచ్చిన విలువలన్నీ కాగితం మీద రాయి. రూటర్ పేజీ తెరిచి కనిపించిన ప్రతి అంకె నోటు పుస్తకంలో ఎక్కించాను. స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, నెట్ కంపెనీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్, అది 100.71తో మొదలవుతోంది. తర్వాత 'నా ఐపీ ఏంటి' అని చెప్పే సైటు తెరిచాను. అక్కడ 103తో మొదలవుతోంది. రెండూ ఒకటే ఉండాలి. డొమైన్‌ను నేను కట్టింది ఆ సైటు చూపించిన అంకెకు. నా రూటర్‌కు ఆ అంకె అసలు లేనే లేదు.

విషయం ఇది. పాత పద్ధతి ఐపీ అడ్రసులు, అంటే ఐపీవీ4వి, మొత్తం కలిపి సుమారు 430 కోట్లు. లోకానికి అవి చాలవు. అందుకని కొన్ని కంపెనీలు వందల ఇళ్ళను కలిపి ఒకే బయటి అడ్రస్ వెనక పెడతాయి. దాన్ని సీజీనాట్ అంటారు. ఆ లోపలి వాడకానికని 2012లో ఒక వరుసను ప్రత్యేకంగా కేటాయించారు: 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా. పాతకాలం లాడ్జి లాంటిదన్నమాట. లాడ్జి మొత్తానికి ఒకే ఫోన్ నంబర్. గదిలోంచి మనం బయటికి చేయొచ్చు, బయటివాళ్ళు మాత్రం నేరుగా మన గదికి చేయలేరు. నేను మూడు వారాలు నా గది తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ కింద రిసెప్షన్ దగ్గరే ఆగిపోతోంది.

కాబట్టి ఎవరైనా ఇంట్లో సర్వర్ పెట్టేముందు చేయాల్సిన మొదటి పని ఇదే. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, రెండు నిమిషాల పని. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే పోర్ట్ ఫార్వార్డింగ్ జోలికి పోకండి. ఒక్క మాట: మన పరికరాలను ఒక సొంత నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ వాడేవాళ్ళకు వాళ్ళ పరికరాల మీద కూడా ఇదే వరుస కనిపిస్తుంది, అది వేరే సంగతి, కంగారు పడొద్దు. చూడాల్సింది రూటర్ స్టేటస్ పేజీ.

మర్నాడు రెండు పేజీలూ ప్రింట్ తీసుకుని మళ్ళీ అదే ఆఫీసుకు వెళ్ళాను. ఈసారి కూర్చోలేదు. నెట్‌వర్క్ చూసే ఆయన్ను పిలవండి, వచ్చేదాకా ఇక్కడే ఉంటా అన్నాను. ముప్పావు గంటకు వచ్చాడు. కాగితాలు చూసి ఒక్క ముక్కలో, "మీరు సీజీనాట్‌లో ఉన్నారు మేడం, ఎన్ని పోర్టులు తెరిచినా రాదు" అన్నాడు. మూడు వారాల కింద ఫోన్ చేసినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎవరూ అడగరు మేడం" అన్నాడు. పబ్లిక్ ఐపీ కావాలంటే బిజినెస్ ప్లాన్ తీసుకోవాలట, దానికి జీఎస్టీ నంబర్ కావాలట. జీతానికి పాఠాలు చెప్పుకునే దానికి జీఎస్టీ నంబర్ ఎక్కడిది? పోనీ అడ్రసులకు కొదవ లేని కొత్త పద్ధతి ఐపీవీ6 ఉందా అంటే ఇళ్ళ కనెక్షన్లకు ఇంకా ఇవ్వలేదన్నాడు. అది ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. మీ దగ్గర ఉందేమో ముందే చూసుకోండి. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఈ రెండూ అడగండి, జవాబు మెసేజ్ రూపంలో ఇమ్మనండి.

వెళ్ళేముందు ఆ కౌంటర్ అబ్బాయికి కూడా నా రెండు ప్రింట్లూ ఇచ్చి, తేడా ఎక్కడుందో చూపించాను. విన్నాడు. అర్థమైందనే అనుకుంటున్నాను.

లోపలికి రావడానికి దారి లేనప్పుడు, లోపలి నుంచే బయటికి దారి వేయాలి. టెయిల్‌స్కేల్ అందుకే ఉంది, నాకూ తమ్ముడికీ అరగంటలో పనిచేసింది. అమ్మ ఫోన్‌లో మాత్రం బ్యాటరీ సేవర్ దాన్ని ఆపేస్తోంది, మళ్ళీ ఆన్ చేయడం అమ్మకు రాదు. అమ్మకు కావాల్సింది నొక్కితే తెరుచుకునే లింకు. తమ సర్వర్ల మీదుగా ఇంటికి దారి ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ కూడా చూశాను. ఉచిత ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు, మా పెళ్ళి వీడియోలకు అది చాలదు.

చివరికి ముంబైలో ఒక చిన్న వీపీఎస్, అంటే డేటా సెంటర్లో నడిచే సర్వర్‌లో ఒక వాటా, అద్దెకు తీసుకున్నాను. దానికి సొంత పబ్లిక్ ఐపీ ఉంటుంది. ఇంటి మినీ పీసీ నుంచి దాని దాకా వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాముతో, ఎవరూ చూడలేని సొరంగం. వీపీఎస్ మీద, వచ్చిన వాళ్ళను సొరంగంలోంచి ఇంటికి పంపే కాడీ అనే వెబ్ సర్వర్ పెట్టాను. లింకు సురక్షితమని బ్రౌజర్‌కు చూపించే సర్టిఫికెట్ అది తనే తెచ్చుకుంటుంది, గడువు తీరేలోపు తనే మార్చుకుంటుంది. అంతా కుదిరిందనుకున్నాను. కాసేపు వాడకుండా వదిలేస్తే లింకు చచ్చిపోతోంది. ఇంట్లోంచి ఒకసారి కదిలిస్తే మళ్ళీ బతుకుతోంది. ఒక సాయంత్రమంతా పోయాక తెలిసింది: వైర్‌గార్డ్ పని లేనప్పుడు ఏమీ మాట్లాడదు. మాట ఆగితే మధ్యలో ఉన్న నాట్, అంటే ఆ లాడ్జి రిసెప్షన్ లాంటిది, ఆ దారిని మరిచిపోతుంది. ఇంటి వైపు సెట్టింగుల్లో 'పర్సిస్టెంట్ కీప్ అలైవ్ 25' అని ఒక్క వరుస చేర్చాను. 25 సెకన్లకోసారి ఇల్లు ముంబైని పలకరిస్తుంది. ఆ తర్వాత ఇంతవరకు తెగలేదు.

వీపీఎస్ తెరిచిన గంటలోపే ఎవరెవరో పాస్‌వర్డులు కొట్టి చూస్తున్నట్టు లాగ్‌లో కనిపించింది. భయపడక్కర్లేదు, అవన్నీ బాట్‌లు. కానీ దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి ఎస్ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ తీసేసి కీ ఫైలు మాత్రమే ఉంచండి. ఇమ్మిచ్ అప్‌డేట్లు దానంతట అదే వేసుకునేలా పెట్టొద్దు, విడుదల నోట్స్ చదివి మీరే వేయండి. మనకు కరెంటు పోవడం మామూలే కాబట్టి బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో, కరెంటు తిరిగి రాగానే మిషన్ తనే ఆన్ అయ్యేలా పెట్టుకోవాలి. రూటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి.

బ్యాకప్ దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినను. రెండు డిస్కులు ఒకే ఇంట్లో ఉంటే అవి రెండు కాదు, ఒకటే. హంద్రీ ఆ రోజు ఏ అర, ఏ డిస్కు అని చూసి రాలేదు. నాకు మూడు కాపీలు ఉన్నాయి: మినీ పీసీలో ఒకటి, బయట పెట్టే డిస్కులో ఒకటి, పుణెలో తమ్ముడి ఇంట్లో ఒకటి. పుణెకు రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాము రోజూ రాత్రి మూడింటికి పంపుతుంది, తాళం వేసి పంపుతుంది కాబట్టి తమ్ముడు కూడా తెరవలేడు. ఫోటోల ఫోల్డర్ ఒక్కటే పంపితే చాలదు. ఆల్బమ్‌లు, పేర్లు, మొహాలు అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. ఇమ్మిచ్ రోజూ రాత్రి రెండింటికి దాని కాపీ తీసి 'బ్యాకప్స్' అనే ఫోల్డర్‌లో పెడుతుంది, అది కూడా పోవాలి. పోయిన ఆదివారం మా ఆయన పాత ల్యాప్‌టాప్ మీద ఖాళీగా ఇమ్మిచ్ వేసి, పుణె కాపీ ఒక్కదానితోనే మొత్తం వెనక్కి తెచ్చి చూశాను. 612కు 612 వచ్చాయి. నాయన పేరు కింద పదకొండూ ఉన్నాయి.

అమ్మ అడిగిన ఆ గుడి ఫోటోకు ఎడమ అంచున చేతి వెడల్పు బురద మరక ఉంది. స్కాన్ చేసేటప్పుడు దాన్ని చెరపలేదు. పక్కన నిలబడింది చిన్నత్తే. అమ్మ గొంతులోనే తెలిసింది, ఆమెకూ చూపించమంటుందని. పొద్దున కాలేజీకి బయల్దేరేముందు చిన్నత్తకు ఖాతా తెరిచి లింకు పంపాను. ఇంకా తెరవలేదు, పొలం నుంచి వచ్చాక చూస్తానంది.