బాబాయి మైకుసెట్టు, ఎర్రబడ్డ వాల్వు

మా బాబాయి మైకుసెట్టు కొట్టు మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లిళ్లకీ చవితి పందిళ్లకీ తిరిగిన వాల్వుల (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు గొట్టాల) ఆంప్లిఫయర్ మాత్రం భీమవరం దగ్గర మా ఊళ్లో అటక మీదే ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు దించి, దుప్పట్లో చుట్టి హైదరాబాద్ తెచ్చుకున్నాను. మోయలేక చచ్చాను, బరువంతా ట్రాన్స్‌ఫార్మర్లదే.

ఇలాంటి పాత సామాను తెచ్చిన వెంటనే ప్లగ్గులో పెట్టకండి. నేను సీరీస్ బోర్డులో, అంటే కరెంటు ముందు బల్బులోంచి వెళ్లి ఆ తర్వాతే సామానుకి చేరే బోర్డులో, 100 వాట్ల బల్బు పెట్టి, దాని మీదుగా కరెంటిచ్చాను. లోపల ఎక్కడన్నా షార్టుంటే బల్బు వెలుగుతుంది తప్ప ట్రాన్స్‌ఫార్మర్ కాలదు. భేషుగ్గా వెలిగింది! డీసీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కండెన్సర్లు ఉబ్బి కారిపోయి ఉన్నాయి, ఎలాగూ మార్చాల్సినవే కదా అని మార్చేశాను. ఈసారి బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది, అంటే షార్టు పోయినట్టే. స్పీకర్ తగిలించకుండా మాత్రం ఆన్ చేయొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే మళ్లీ చుట్టేవాళ్లని ఎక్కడ వెతుకుతాం?

బల్బు తీసేసి నేరుగా కరెంటిస్తే పాట వచ్చింది. ఐదు నిమిషాలు సంబరపడ్డాను. ఆ తర్వాత చూస్తే రెండు ఈఎల్34 వాల్వుల్లో ఒకదాని లోపలి ప్లేటు కొలిమిలో ఇనుములా ఎర్రగా కాలుతోంది. ఆ ప్లేటు తట్టుకునేది 25 వాట్లే, అలాగే వదిలేస్తే వాల్వు పోతుంది. పాతది కదా, పోయుంటుందిలే అనుకుని ఆన్‌లైన్‌లో ఖరీదు పెట్టి కొత్తది తెప్పించాను. అదీ ఎర్రబడింది!

బాబాయికి ఫోన్ చేశాను. "ఒరేయ్, ఉన్న రెండు వాల్వులూ అటూ ఇటూ మార్చి చూశావా? ఎరుపు వాల్వుతో పాటు వెళ్తే వాల్వు పోయినట్టు, ఆ సాకెట్ దగ్గరే ఉండిపోతే వాల్వు జోలికి పోకు" అన్నాడు. కొనకముందు అడగాల్సిన మాట.

సాకెట్ దగ్గరే ఉండిపోయింది. ఆ వాల్వు పీకేసి, మల్టీమీటర్‌తో సాకెట్ అయిదో పిన్ను, అంటే వాల్వు లాగే కరెంటుని అదుపులో పెట్టే గ్రిడ్ దగ్గర వోల్టులు చూశాను. బాగున్న వైపు మైనస్ 36 వోల్టులుంటే ఇక్కడ మైనస్ 10, అదీ వేడెక్కేకొద్దీ ఇంకా సున్నా వైపు పాకుతోంది. వాల్వు లేకపోయినా ఇలా ఉందంటే తప్పు కప్లింగ్ కండెన్సర్‌దే. దాని పని ముందు వాల్వు నుంచి వచ్చే పాటని వదలడం, అక్కడుండే 200 పైచిలుకు వోల్టుల డీసీని ఆపడం. అది కొంచెం కారినా, అంటే ఆ డీసీని కాస్త అవతలికి వదిలేసినా, గ్రిడ్ మీదున్న మైనస్ తగ్గిపోతుంది, వాల్వు పగ్గాల్లేకుండా కరెంటు లాగేస్తుంది. లోపల కాగితం చుట్టిన పాత కండెన్సర్లవి. అన్ని వానాకాలాలు ఆ గోదావరి తేమలో అటక మీద పడుంటే కారక ఏం చేస్తాయి? తమాషా ఏంటంటే, దాన్ని ఊడదీసి మీటర్ పెడితే శుభ్రంగా ఉన్నట్టే చూపించింది. మీటర్ ఇచ్చే ఒకట్రెండు వోల్టులకి దాని గుట్టు బయటపడదు.

కోఠీ గుజరాతీ గల్లీలో 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు నాలుగు కొన్నాను. నాలుగూ కలిపినా ఆ వాల్వు కొరియర్ ఖర్చంత కాలేదు. ఆఫ్ చేసినా లోపల 400 వోల్టులకు పైనే మిగిలి ఉండొచ్చు కాబట్టి, ముందు 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌తో ఫిల్టర్ కండెన్సర్లని ఖాళీ చేసి, మీటర్‌లో సున్నా చూశాకే టంకం కాడ పట్టుకున్నాను. ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి.

ఇప్పుడు గంటల తరబడి పాడుతోంది, ప్లేటు ఎర్రబడట్లేదు. వాల్యూమ్ తిప్పితే గరగర ఇంకా ఉంది, కంట్రోల్ మార్చాలి. బాబాయి మాత్రం వినాయక చవితికి తెమ్మంటున్నాడు, బాకా స్పీకర్లు రెండు తోమించి పెట్టాడట.