బెల్‌విల్‌లో ఒక ప్లీడరు ఇల్లు

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ వచ్చిన తెలుగువారికి చూపించే వరస ఒకటి ఉంది. ముందు ఆర్చ్, తరువాత గుడి, ఆ తరువాత దుకాణాలు. మా అమ్మాయి కూడా అదే వరసలో అన్నీ చూపించింది. మూడో వారంలో స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళి లింకన్ సమాధి చూశాం. అక్కడ కొన్న చిన్న పుస్తకంలో 1865 మే 4న లింకన్ శవపేటిక వెంట నడిచిన పన్నెండుమంది పెద్దల పేర్లున్నాయి. అందులో ఒకటి జర్మన్ పేరు, గుస్తావ్ కోర్నర్. వృత్తి న్యాయవాది, ఊరు బెల్‌విల్ అని ఉంది. బెల్‌విల్ అంటే మిసిసిపీ నదికి అవతల, మా అమ్మాయి ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న ఊరే. ఆ వారమంతా నాకు మరో ధ్యాస లేదు.

చీరాల కోర్టులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్లీడరుగా పనిచేసినవాణ్ణి. పరాయి దేశం నుంచి వచ్చి, పరాయి భాషలో, పరాయి చట్టంతో వకాల్తా పట్టడమంటే ఏమిటో ఊహించగలను. అందుకే ఆ ఇల్లు చూడాలనిపించింది.

"ఒక్కరే వద్దు నాన్నా, ఆదివారం కారులో తీసుకువెళతాను" అంది అమ్మాయి. ఆదివారాలు ఎలా గడిచిపోతాయో నాకు తెలుసు. బుధవారం ఉదయమే మెట్రోలింక్ రైలెక్కాను.

ఈడ్స్ వంతెనకు రెండు అంతస్తులు. పైన కార్లు, కింద రైలు. ఉక్కు కమ్మీల సందుల్లోంచి బురద రంగు నీళ్ళు కనిపించాయి. గోదావరికి వరద తగ్గాక వచ్చే రంగే అది. పట్టుమని రెండు నిమిషాలు కాకముందే అవతలి ఒడ్డు వచ్చేసింది. 1874లో కట్టిన ఈ వంతెన కోర్నర్ వచ్చేనాటికి లేదు. కానీ ఏ ఒడ్డున దిగాలన్నది ఆయన బతుకులో పెద్ద ప్రశ్న అయింది.

ఆయన 1809లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక పుస్తకాల వ్యాపారి ఇంట పుట్టాడు. యేనా, మ్యూనిక్, హైడెల్‌బర్గ్‌లలో న్యాయశాస్త్రం చదివి, 1832లో డాక్టర్ పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 3 రాత్రి, విద్యార్థులూ యువకులూ కొందరు కలిసి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రెండు కాపలా కేంద్రాల మీద పడ్డారు. రాచరికాల కింద ముక్కలై ఉన్న జర్మనీలో దానితో విప్లవం రగులుతుందని వారి ఆశ. ఊరు కదలలేదు. సైన్యం వచ్చింది. గాయపడిన కోర్నర్ సరిహద్దు దాటి ఫ్రాన్సుకు పారిపోయి, అక్కడ ఓడ ఎక్కాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు.

వెంట ఎంగెల్‌మన్ కుటుంబం ఉంది. తరువాత ఆయన పెళ్ళాడిన సోఫీ ఆ ఇంటి పిల్లే. మిస్సోరీ భూతల స్వర్గమని గాట్‌ఫ్రీడ్ డూడెన్ 1829లో రాసిన పుస్తకం అప్పట్లో జర్మనీలో ఇంటింటా తిరిగేది. దాన్ని నమ్మి వీరూ సెయింట్ లూయిస్ దాకా వచ్చారు. వచ్చి చూస్తే మిస్సోరీలో మనుషులను కొంటున్నారు, అమ్ముతున్నారు. ఆ ఒడ్డు మాకు వద్దనుకుని నది దాటి, ఇల్లినాయ్ వైపు షైలో లోయలో పొలం కొన్నారు. కోర్నర్ అంతటితో ఊరుకోలేదు. మిస్సోరీ లోపలికి వెళ్ళి తిరిగి చూసి, డూడెన్ మాటలను ఖండిస్తూ 1834లో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. ఇక్కడికి పిల్లలను పంపించే మన ఊళ్ళలో కూడా ఇంటికో డూడెన్ ఉన్నాడు. తిరిగి చూసి వచ్చి నిజం రాసేవాడే అరుదు.

బెల్‌విల్ స్టేషన్‌లో దిగేసరికి పది దాటింది. ఎండ మన వైశాఖంలా మండుతోంది. అడిగి అడిగి నడుచుకుంటూ వెళ్ళాను. దారి పొడుగునా చిన్న చిన్న ఇటుక ఇళ్ళు. పేరాలలో మా తాతగారింటికి రెండు పక్కలా అరుగులు, నడుమ మెట్లు, ఆ తరువాతే గుమ్మం. ఇక్కడ అరుగూ లేదు, వాకిలీ లేదు. గుమ్మం దాటితే కాలిబాటే.

ఆబెండ్ వీధి మూల మీద ఉంది కోర్నర్ ఇల్లు. రెండంతస్తుల ఇటుక కట్టడం. తలుపు వేసి ఉంది. పిలిస్తే పలికే మనిషి లేడు. గంట ప్రయాణం, మైలు నడక, చివరికి తాళం! నాకు చాలా కష్టం వేసింది. కిటికీ అద్దానికి చేతులు అడ్డం పెట్టి లోపలికి చూశాను. నా ముఖమే కనిపించింది.

కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన నన్ను చూసి ఆగాడు. దొంగనేమోనని అనుమానించాడనుకున్నాను. "ఎక్కడి నుంచి?" అన్నాడు. ఇండియా అన్నాను. "కోర్నర్ కోసం ఇండియా నుంచా?" అని చెయ్యి చాచాడు. ఆయన తాపీ పని చేసి రిటైరయ్యాడట. నన్ను పక్క వీధిలోకి తీసుకువెళ్ళి, ఒక పాత ఇంటి చూరు కింద వరసను వేలితో చూపించాడు. ఒక ఇటుక ముందుకు, ఒకటి వెనక్కు, పళ్ళ వరసలా ఇల్లంతా చుట్టి వచ్చింది. "జర్మన్ మేస్త్రీల చెయ్యి ఇది. దీనికి ఇంటివాడు అదనంగా డబ్బు ఇవ్వడు. వాళ్ళకే మనసొప్పక పెట్టేవారు" అన్నాడు. సున్నం ఊడిన ఒక సందులో నా వేలు పెట్టించి, చల్లగా ఉందా అని అడిగాడు. ఆ ఎండలోనూ చల్లగానే ఉంది. అరగంట ఆయన నాతోనే నిలబడ్డాడు. గ్రంథాలయానికి దారి చెప్పింది కూడా ఆయనే.

ఈ గ్రంథాలయానికి మూలం 1836లో ఆ జర్మన్ వలసదారులు తమ పుస్తకాలు పోగుచేసి పెట్టుకున్న సంఘం. నాగలి కంటే లాటిన్ బాగా తెలిసిన రైతులు కాబట్టి ఊరివాళ్ళు వారిని లాటిన్ రైతులు అనేవారు. మా పక్కన వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టిన పెద్దలు గుర్తుకువచ్చారు. స్కూలు రోజుల్లో సైకిలు మీద అక్కడికి వెళ్ళి చదువుకున్న పాత పత్రికల వాసన ఇప్పటికీ నాకు తెలుసు.

అక్కడి ఉద్యోగిని కోర్నర్ స్వీయచరిత్ర రెండు సంపుటాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. 1909లో అచ్చయింది. మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోయి చదివాను.

నన్ను కదిలించింది ఆయన పదవులు కావు. పదవులు చాలానే ఉన్నాయి. 1842లో రాష్ట్ర శాసనసభ, 1845లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి, 1853 నుంచి 1857 వరకు లెఫ్టినెంట్ గవర్నర్. కొత్త ప్రాంతాలకు బానిసత్వం పాకనిచ్చే కాన్సాస్-నెబ్రాస్కా చట్టం 1854లో రాగానే సొంత పార్టీ డెమోక్రాట్లకు ఎదురు తిరిగి, లింకన్ పక్షాన చేరాడు. లింకన్ ఆయనను 1862లో స్పెయిన్‌కు రాయబారిగా పంపాడు. ఇవన్నీ గొప్పవే. అయితే నన్ను పట్టుకున్నది 1834. చేతిలో హైడెల్‌బర్గ్ డాక్టర్ పట్టా ఉంది. అది ఇక్కడ ఏ కోర్టులోనూ చెల్లదు. రోమన్ చట్టం చదివిన మనిషి ఇంగ్లీషు చట్టం నేర్చుకోవడానికి కెంటకీలోని లెక్సింగ్టన్ వెళ్ళి, మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. మరుసటి ఏడు బెల్‌విల్ వచ్చి ప్లీడరు బోర్డు కట్టాడు. ఆ తరువాత ఇల్లినాయ్ చట్టాలను జర్మన్‌లోకి తెచ్చాడు. కొత్తగా వచ్చిన రైతు కోర్టు కాగితం చూసి బెదిరిపోకూడదు గదా! తన భాషలో కాగితం చదివి వినిపిస్తే కక్షిదారు ముఖం ఎలా తేటపడుతుందో నేను వేలసార్లు చూశాను. సుప్రీంకోర్టు పదవి కంటే నాకు ఆ అనువాదమే ఎక్కువ.

శ్మశానవాటిక వాల్‌నట్ హిల్‌కు టాక్సీ పిలిస్తే, రెండు మైళ్ళకు పద్నాలుగు డాలర్లు గుంజాడు. ఆ డబ్బుతో చీరాల నుంచి హైదరాబాదు రైల్లో దర్జాగా వెళ్ళవచ్చు. వెళ్ళినందుకు మాత్రం బాధ లేదు. 1896లో పోయిన మనిషి సమాధి ముందు రెండు నిమిషాలు నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

తిరుగు రైల్లో, ఫోనులో తీసుకున్న స్వీయచరిత్ర ముఖపత్రం ఫోటో మళ్ళీ చూశాను. పిల్లలు అడిగితే రాసిన జీవిత విశేషాలు అని దాని మీద ఉంది. అమెరికాలోని జర్మన్ల గురించి 1880లో జర్మన్‌లోనే పెద్ద గ్రంథం వేసిన మనిషి, ఇంటి పిల్లల కోసం తన కథ ఇంగ్లీషులో రాశాడు. ఎంత ఆలోచించి ఉంటాడో! మా మనవరాలికి నేను తెలుగులో చెబితే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. దాని మీద ఈ మూడు వారాల్లో రెండుసార్లు చిరాకుపడ్డాను కూడా.

రాత్రి భోజనాల దగ్గర అది నా పక్కన చేరి ఫోటోలు అడిగింది. ఇటుకల వరస ఫోటో దగ్గర ఆగి, ఇదేమిటంది. "చూరు" అన్నాను. "చూరు" అని రెండుసార్లు పలికి, తరువాతి ఫోటో జరిపింది.