వారానికి తొమ్మిది మాత్రలు

దగ్గు లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, రక్తపరీక్ష మాత్రం పాజిటివ్. టీబీ క్రిమి లోపల నిద్రపోతోందన్నారు. అది రోగంగా మారకుండా మందులు వాడాలన్నారు. రోగం లేదని తేల్చుకోకుండా ఈ మందులు మొదలుపెట్టరు. రోగం అప్పటికే ముదురుతుంటే ఒకటి రెండు మందులు దాన్ని చంపలేవు, పైగా క్రిమి వాటికి లొంగకుండా తయారవుతుంది.

రోజూ ఐసోనియాజిడ్ 300 మి.గ్రా. అయితే ఆరు నెలలో, తొమ్మిది నెలలో. రిఫాంపిసిన్ 600 అయితే నాలుగు నెలలు. నాకు రాసింది వారానికోసారి, పన్నెండు డోసులు. 60 కిలోల బరువుకి ఐసోనియాజిడ్ 300వి మూడు, రిఫాపెంటైన్ 150వి ఆరు, అన్నీ ఒకేసారి, భోజనంతో పాటు. తిమ్మిర్లు రాకుండా బి6 విటమిన్ వేరే.

మూత్రం నారింజరంగులో వస్తుందని చెప్పారు. ఆ ఒక్కటే చెప్పారు.

మూడో డోసు ఎనిమిదింటికి వేసుకున్నాను. పన్నెండు దాటాక వణుకు, జ్వరం, ఒళ్లంతా పోట్లు. లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. నిద్రపోతున్న క్రిమి లేచిందనే అనుకున్నాను. తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చున్నాను. మర్నాడు సాయంత్రానికి అంతా పోయింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, "ఆ, కొందరికి అలా వస్తుంది" అన్నారు. తెలిసిన సంగతే అయితే ముందే ఒక్క ముక్క చెప్పడానికేం? మందు పడ్డ కొన్ని గంటలకి వచ్చి ఒక రోజులో పోయే జ్వరమట. స్పృహ తప్పినా, బీపీ పడిపోయినా మాత్రం డాక్టరుని అడగకుండా తర్వాతి డోసు ముట్టుకోకూడదు. అదే డాక్టరు ఆ తర్వాత ప్రతి డోసుకీ మర్నాడు తనే ఫోన్ చేసి అడిగారు. అదీ చెప్పాలి.

"రోగమే లేదుగా, ఓ వారం మానేస్తే ఏమవుతుంది?" అన్నాడు బావ. ఏడో వారం నిజంగానే మరిచిపోయాను. రెండు రోజులకి గుర్తొచ్చి వేసుకున్నాను, తర్వాతిది మళ్లీ మామూలు రోజునే. రెండు డోసుల మధ్య కనీసం 72 గంటలుండాలి, పన్నెండూ పదహారు వారాల్లోపు అయిపోవాలి. తప్పినదాన్ని కలిపి పద్ధెనిమిది మాత్రలు ఒకేసారి మింగడం మాత్రం ప్రమాదం.

ఆకలి చచ్చిపోయినా, వాంతులైనా, కళ్లు పచ్చబడినా మందు ఆపి లివర్ పరీక్ష చేయించుకోవాలి. మద్యం వద్దు. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ రిఫాపెంటైన్ వల్ల సరిగా పనిచేయవు, కాబట్టి వేసుకునే మందులన్నీ ముందే చెప్పాలి.

మందులు పూర్తయినా రక్తపరీక్ష పాజిటివ్‌గానే రావచ్చు. అందుకే, మందులు పూర్తిచేశానని చూపడానికి, పన్నెండు తేదీలూ రాసిన కాగితం ఎక్స్‌రేతో కలిపి బీరువాలో పెట్టాను.