పాత ట్రాక్‌కు పరిమిత నిధులతో ప్రణాళిక: నా అనుభవం

మిర్యాలగూడ వైపు రైల్వే ట్రాక్ నిర్వహణ చూస్తున్న రోజుల్లో, ఏడాది పనుల ప్రతిపాదనలు తయారుచేసే బాధ్యత నా మీద పడింది. పట్టాలన్నీ మార్చేస్తే బాగుంటుందని అందరమూ అనుకుంటాం కానీ, ట్రాక్ పునరుద్ధరణ పద్దు అయిన ప్లాన్ హెడ్ 31 కింద మంజూరై, రైల్వే బడ్జెట్ పనుల జాబితా అయిన పింక్ బుక్‌లోకి ఎక్కేదాకా ఉన్న పట్టాల మీదనే బండ్లు భద్రంగా నడవాలి.

మీటరుకు 60 కిలోలు తూగే 90 యూటీఎస్ (ఉక్కు బలాన్ని తెలిపే గ్రేడ్) పట్టాకు 800 జీఎంటీ (గ్రాస్ మిలియన్ టన్నులు), అంటే 80 కోట్ల టన్నుల బరువు దాని మీదుగా పోయేదాకా ఆయుష్షు ఉంటుందని చాలాకాలంగా లెక్క వేస్తూ వచ్చారు. ఆ లెక్కనొక్కదాన్నే పట్టుకుని పనుల వరుస తేల్చడం నాకు సరిగా తోచలేదు. ట్యాంపింగ్ (స్లీపర్ల కింద కంకరను మిషన్‌తో కుదించి ట్రాక్ లెవెల్ సరిచేయడం) రికార్డులు తిరగేస్తే మిషన్ పదేపదే అవే చోట్లకు వెళ్తున్నట్టు కనిపించింది. వాన వెలిసాక, రోజూ ట్రాక్ వెంట నడిచి తనిఖీ చేసే కీమన్‌తో కలిసి ఆ చోట్లకు నడిచాను. "సారూ, ఈడ మిషన్ పెట్టినా నెలకే మళ్ల కూసుంటది" అన్నాడాయన.

అది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. ట్రాక్ కట్టకు రెండు పక్కలా వరి మళ్లలో నీళ్లు నిలిచి ఉంటాయి. ట్రాక్ పక్కన నీరు పోయే కాలువలు పూడిపోవడంతో నల్లరేగడి నాని, బండి పోయినప్పుడల్లా బురద కంకరలోకి ఎగదన్నుతోంది. 20 నుంచి 65 మిల్లీమీటర్ల కంకర రాళ్ల మధ్య ఉండవలసిన సందులు మూసుకుపోయాక ఎన్నిసార్లు ట్యాంపింగ్ చేసినా లెవెల్ నిలవదు సరికదా, రాయి నలిగి మరింత పొడి తయారవుతుంది.

అందుచేత ముందు కాలువలు, తూముల పూడిక తీయడం, తర్వాత కంకరను డీప్ స్క్రీనింగ్ చేయడం (లోతు దాకా తవ్వి, జల్లించి మట్టి తీసేయడం), ఆ తర్వాతే ట్యాంపింగ్ అని వరుస రాశాను. పట్టాలను మొత్తంగా మార్చే పనిని వెనక్కి జరిపి, అల్ట్రాసోనిక్ పరీక్షలో లోపం తేలిన వెల్డులు, పట్టా ముక్కలు మాత్రం వెంటనే మార్చాలని కోరాను. వాయిదాకూ ఖర్చుంటుంది: చలికాలపు రాత్రుల్లో పట్టా కుంచించుకుని బలహీనమైన వెల్డు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, రాత్రి గస్తీకి అయ్యే ఖర్చునూ అందులోనే చూపించాను. ట్రాఫిక్ బ్లాక్ (పని కోసం బండ్లు ఆపే సమయం) దొరకడమే కష్టం గనుక, ఒక్క బ్లాక్‌లో స్క్రీనింగ్, వెల్డు పనులు రెండూ జరిగేలా పక్కపక్కన చేర్చాను.

కాలువల మట్టి పనితో ఆదా ఎలా అవుతుందని ఆర్థిక విభాగం అడిగినప్పుడు, అదే చోట మళ్లీ మళ్లీ చేసిన ట్యాంపింగ్ ఖర్చు పట్టికను ముందుంచాను. కాలువల పని పూర్తిగా ఆమోదం పొందింది. స్క్రీనింగ్‌లో బురద ఎక్కువగా ఉన్న భాగానికే అనుమతి రాగా, మిగిలినది వచ్చే ఏడాది ప్రతిపాదనలో మొదటి పనిగా చేర్చాను.