జెడ్‌బోర్డ్ మీద ఏడీ9361: మూడో లేన్ దొంగ దొరికింది

దొరికింది! జెడ్‌బోర్డ్‌కి (ఎఫ్‌పీజీఏ, అంటే లోపలి లాజిక్‌ని మనమే రాసుకోగల చిప్ ఉన్న బోర్డు) తగిలించిన ఏడీ9361 రేడియో కార్డులో రెండు ఛానెళ్లనీ సెకనుకి 61.44 మెగాశాంపిళ్లకి పెంచగానే డేటా పాడైపోతోందని ఇదివరకు రాశాను కదా, దాని మూలం బయటపడింది. ఎఫ్‌పీజీఏ లాజిక్ రాసిన వెరిలాగ్ కోడ్‌లో లేదు, దానికిచ్చే టైమింగ్ కన్‌స్ట్రెయింట్లలో లేదు. రేడియో కార్డు కనెక్టర్ కింద ఒకే ఒక్క సోల్డర్ జాయింట్ విడిపోయి ఉంది. రూఢి చేసుకున్న రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

మిగతాదంతా బాగుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏడీ9361 కార్డు ఎఫ్‌ఎంసీ స్లాట్‌లో (అదనపు కార్డులు తగిలించేది), వీఏడీజే (ఆ స్లాట్‌కి బోర్డు ఇచ్చే వోల్టేజీ) 2.5 వోల్టుల దగ్గర నిలకడగా నడుస్తోంది. 102.8 మీద హైదరాబాద్ వివిధ భారతి హాయిగా వినిపిస్తోంది.

ఇక ఈ తలనొప్పి సంగతి. 30.72 మెగాశాంపిళ్ల దగ్గర రెండు ఛానెళ్లతో, రేడియో చిప్‌కీ ఎఫ్‌పీజీఏకీ మధ్య ఇంటర్‌ఫేస్ క్లాకు 122.88 మెగాహెర్ట్జ్. అక్కడ ఒక్క తప్పు కూడా లేదు. 61.44కి వెళ్తే క్లాకు 245.76 అవుతుంది. డీడీఆర్ (ఒక్కో క్లాకు చుట్టుకి రెండు బిట్లు) కాబట్టి ఒక్కో లేన్ (డేటా మోసే పాజిటివ్, నెగెటివ్ తీగల జత) మీద సెకనుకి 491.52 మెగాబిట్లు, అంటే బిట్టుకి 2.03 నానోసెకన్లే. లినక్స్ డ్రైవర్ బూటయ్యేటప్పుడు అచ్చేసే ట్యూనింగ్ పట్టీలో పొద్దున పూట ఒకే ఒక్క చిన్న సున్నా (డేటా సరిగ్గా అందే సెట్టింగ్) కనిపించేది, మిగతావన్నీ # గుర్తులే (తప్పులొచ్చేవి). మధ్యాహ్నం గది వేడెక్కాక ఆ ఒక్కటీ పోయేది.

మొదటి ఆధారం తరంగంలోనే దొరికింది. 30 డీబీ అటెన్యుయేటర్ పెట్టి ట్రాన్స్‌మిట్‌ని రిసీవ్‌కి కలిపి, 1 మెగాహెర్ట్జ్ టోన్ పంపి శాంపిళ్లు చూశాను. మధ్యమధ్యలో ముళ్లలా లేచిన శాంపిళ్లు, ప్రతిదాని ఎత్తూ సరిగ్గా 512. ఏ నాయిస్ అయినా ఇంత కచ్చితంగా ఉండదు. 512 అంటే బిట్ 9. ఆరు లేన్ల మీద 12 బిట్లు వెళ్తాయి: ముందు పై ఆరు, తర్వాత కింది ఆరు. అంటే, లేన్లనీ బిట్లనీ 0 నుంచి లెక్కపెడితే, మూడో లేన్ మోసేది బిట్ 9, బిట్ 3. బిట్ 3 తప్పితే వచ్చే తేడా 8 మాత్రమే, చూపుకి ఆనదు. అనుమానం మొత్తం ఒకే జత తీగల మీదికి వచ్చింది.

నా స్కోప్ 100 మెగాహెర్ట్జ్‌ది, ఈ వేగానికి దానితో ప్రయోజనం లేదు. అందుకే ఎఫ్‌పీజీఏలోని ఐడిలేనే, అంటే వచ్చే సిగ్నల్‌ని ట్యాప్‌లనే చిన్న మెట్లలో ఆలస్యం చేసే భాగాన్నే, స్కోప్‌గా వాడాను. 200 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌తో ఒక ట్యాప్ 78 పికోసెకన్లు. చిప్ నుంచి పీఆర్‌బీఎస్ (ముందే తెలిసిన పరీక్ష బిట్ల వరస) పంపి, తప్పులు పట్టే మానిటర్‌ని లేన్ల వారీగా విడగొట్టి, ట్యాప్ 0 నుంచి 31 దాకా జరుపుతూ తప్పులు లెక్కపెట్టాను. అయిదు లేన్లకి 16, 17 ట్యాప్‌ల శుభ్రమైన కిటికీ (తప్పులు లేని మేర) వచ్చింది, అంటే సుమారు 1.3 నానోసెకన్లు. మూడో లేన్‌కి 5 ట్యాప్‌లే, 0.39 నానోసెకన్లు. కిటికీ పక్కకి జరగలేదు, రెండు వైపులా కుంచించుకుపోయింది. ట్రేస్ పొడవులో తేడా ఉంటే జరగాలి కానీ ఇలా కుంచించుకుపోదు. కాబట్టి నా ఊహ: సిగ్నల్ బలమే తక్కువ.

డివైస్ ట్రీలో (లినక్స్‌కి హార్డ్‌వేర్ వివరాలిచ్చే ఫైలు) ఎల్‌వీడీఎస్ బయాస్, అంటే ఈ జత తీగల మీద చిప్ పంపే సిగ్నల్ బలం, 150 మిల్లీవోల్టులు ఉంది. దాన్ని 300 చేశాను. మూడో లేన్ కిటికీ 9 ట్యాప్‌లకి పెరిగింది, మిగతావి దాదాపు కదల్లేదు. తర్వాత కార్డుని స్నేహితుడి జెడ్‌బోర్డ్‌కి తగిలించి చూస్తే అక్కడా అదే లేన్, అదే ఇరుకు. నా బోర్డుకి క్లీన్ చిట్.

చివరికి పట్టిచ్చింది మామూలు మల్టీమీటరే. కార్డు ఊడదీసి, పవర్ లేకుండా, డయోడ్ మోడ్‌లో గ్రౌండ్‌కీ ఒక్కో కాంటాక్టుకీ మధ్య కొలిచాను. ఆరు లేన్ల పన్నెండు కాంటాక్టుల్లో పదకొండు 0.52, 0.53 వోల్టుల దగ్గర ఆగాయి. మూడో లేన్ నెగెటివ్ కాంటాక్టు మాత్రం ఓపెన్ (తెగిపోయినట్టు) చూపించింది. కనెక్టర్‌ని బొటనవేలితో అదిమితే 0.52, వదిలితే మళ్లీ ఓపెన్! ఇన్నాళ్లూ ఆ లేన్ ఒంటికాలి మీద నడిచింది. బిట్టుకి 4 నానోసెకన్లు దొరికే 30.72 దగ్గర సరిపోయింది, సగం టైమే ఉండే చోట కూలబడింది. ఈ సమస్య ఎవరికైనా వస్తే సింథసిస్ (కోడ్‌ని ఎఫ్‌పీజీఏ సర్క్యూట్‌గా మార్చే పని) మళ్లీ మళ్లీ నడిపే ముందు ఈ డయోడ్ పరీక్ష చేయండి, పది నిమిషాల పని.

ఆ కాంటాక్టుల వరసలు కనెక్టర్ లోపలికి ఉన్నాయి, ఐరన్ మొన అందదు. కింద ప్రీహీటర్, పైన హాట్ ఎయిర్ కావాలి. జగదీశ్ మార్కెట్‌లో బీజీఏ (అడుగున సోల్డర్ బంతులుండే చిప్‌ల) పని చేసే కుర్రాడితో మాట్లాడాను, వచ్చే వారం ఇస్తాను. అప్పటిదాకా ఒక ఛానెల్‌తోనే 61.44 నడుపుతున్నాను. అప్పుడు క్లాకు 122.88కే దిగుతుంది, 56 మెగాహెర్ట్జ్ వెడల్పూ చేతిలో ఉంటుంది.

కార్డు కొనేవాళ్లకి ఒక మాట. ఏడీ9363 చవకే, కానీ దాని అధికారిక పరిధి 325 మెగాహెర్ట్జ్ నుంచి మొదలు, ఎఫ్‌ఎం బ్యాండ్ అందులోకి రాదు. 9361 అయితే 70 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా. ఎల్‌ఎంఎస్7002ఎం కార్డులు 100 కిలోహెర్ట్జ్ దాకా దిగుతాయి, షార్ట్‌వేవ్ వినాలనుకునేవాళ్లకి అవే మేలు. నాకు మాత్రం ఏడీఐ (9361 తయారుచేసే అనలాగ్ డివైసెస్) వాళ్ల హెచ్‌డీఎల్ కోడ్ (ఎఫ్‌పీజీఏ వైపుది), ఐఐఓ డ్రైవర్ (లినక్స్ వైపుది) ఉన్నంత సుఖం ఇంకెక్కడా కనిపించలేదు.

తర్వాతి పని ఏడీఎస్-బీ, అంటే విమానాలు తమ స్థానాన్ని ప్రసారం చేసే సిగ్నల్. దానికి పెద్ద వేగం అక్కర్లేదు, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. 0, 1, 3.5, 4.5 మైక్రోసెకన్ల దగ్గర వచ్చే నాలుగు ప్రియాంబుల్ పల్సుల్ని (ప్రతి సందేశం మొదట్లో వచ్చే గుర్తు) లాజిక్‌లోనే పట్టే కోరిలేటర్ సగం రాశాను. రెండు రిసీవర్లకీ ఎల్‌ఓ (లోకల్ ఆసిలేటర్, ట్యూన్ చేసే సిగ్నల్) ఒక్కటే కాబట్టి, 1090 మెగాహెర్ట్జ్‌కి సగం తరంగదైర్ఘ్యం 13.8 సెంటీమీటర్ల ఎడంగా రెండు యాంటెన్నాలు పెట్టి, శంషాబాద్‌లో దిగే విమానాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో ఫేజ్ తేడాతో లెక్కకట్టాలని ఉంది. యాంటెన్నాలకి అల్యూమినియం పట్టీ కోయించాను, కేబుళ్లు రెండూ ఒకే పొడవు ఉండేలా రేపు క్రింప్ చేస్తాను.